రాజుగారి శాపం, నా పెదవుల బొబ్బలు

ఈరోజు కాశీబుగ్గలో మా జీడిపప్పు యూనిట్‌లో పిక్కలు కాలుస్తుంటే, ఆ ఘాటుకి ఓ రాజుగారు గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఉద్దానం పిల్లలూ, వీధి నాటకాల రాజులు గుర్తున్నారా? దుప్పటి తెర, అద్దాల కిరీటం, కాటుక మీసం?

చిన్నప్పుడు మా ఊళ్లో నాటకం రాజు మీసం చెమటకి కారిపోతుంటే నేను పగలబడి నవ్వాను. ఆయన నావైపు కత్తి చూపించి, "నీ నోరు బొబ్బలెక్కుగాక!" అని గర్జించాడు. మర్నాడు నిజంగానే నా పెదవులు పొక్కిపోయాయి. ఇక జన్మంతా ఇంతేనని ఏడ్చాను.

నాటకాల వాళ్లకి ఇంటింటా వంతు భోజనం. ఆ పూట రాజు మా ఇంటికే వచ్చాడు. నాయనమ్మ చీపురుతో ఎదురెళ్లింది.

"మా గుంటని శపించీసినావేటి? ముందు శాపం తీసీ, అప్పుడే కూడు!"

రాజు నా వేళ్ల మీది నల్లమరకలు చూసి చెవిలో అడిగాడు. "పచ్చి జీడిపిక్క కొరికినావేటే? ఆ రసానికే పొక్కింది. మీ నాయనమ్మకి సెప్పీనా?"

చీపురు చూసి తల అడ్డంగా ఊపాను.

ఆయన చేయెత్తి, రాగం తీసి, శాపం ఎత్తేశాడు. నాయనమ్మ మురిసిపోయి చేపల పులుసు వడ్డించింది.

"పాపం, బొబ్బల నోటితో గుంట పులుపు తినలేదు గదమ్మా" అంటూ నా ముక్క కూడా ఆయనే తినేశాడు.

శాపం సంగతి వదిలేశాను గానీ, ఆ ముక్కకి మాత్రం ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.