అందరి చేతులూ

దర్జీగారి చిన్నమ్మాయికి నవ్వొచ్చినా సరే, ముందు పక్కవాళ్ల మొహాలు చూసుకోవడం అలవాటు. క్లాసులో జవాబు తెలిసినా ఇంకో రెండు చేతులు లేచేదాకా ఆమె చెయ్యి ఒళ్లోంచి కదలదు. అంతసేపూ జడ చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంటుంది. "నలుగురితో నారాయణా అంటే ఏ గొడవా ఉండదే" అన్నది వాళ్లమ్మ ఉగ్గుపాలతో నేర్పిన మాట. ఆ రోజు టీచరమ్మ ఒక నవల చెప్పడం ముగించింది. అందులో ప్రభుత్వానికి భయపడి ఊరంతా ఏకమై, ప్రశ్న అడిగిన ఒక పిల్లని వెలివేస్తారు.

"ఆ ఊళ్లో మీరుంటే ఆ పిల్ల పక్కన నిలబడేవాళ్లు చేతులెత్తండి" అంది టీచరమ్మ. క్లాసంతా ఎత్తింది. దర్జీగారమ్మాయి చెయ్యి కూడా భుజందాకా లేచి అక్కడే ఆగిపోయింది. మెల్లగా దించేసుకుంది. "ఏమ్మా, నువ్వు నిలబడవా?" అని టీచరమ్మ అడిగేసరికి అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని లేచింది. "తెలీదు టీచర్. ఇప్పుడు కూడా అందరూ ఎత్తారనే ఎత్తబోయాను." ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో ఒక చెయ్యి దిగింది. దాన్ని చూసి పక్కది, ఆ పక్కదాన్ని చూసి మిగతావన్నీ దిగిపోయాయి.