తాడు తుడిచే గుడ్డ

లిఫ్టు మెకానిక్‌ది ముప్పై ఏళ్లుగా ఒకటే పద్ధతి. తాడు పొడుగునా పాత గుడ్డతో తుడుస్తాడు. తాడులో పేనిన ఉక్కు తీగ తెగినచోట గుడ్డ చిక్కుకుంటుంది.

ఇంజనీరైన అతని బావమరిది భోజనాల దగ్గర అంతరిక్షానికి లిఫ్టు వేస్తామని ఊదరగొట్టాడు. "ఉక్కు తాడైతే తన బరువుకే తెగుతుంది బావా. ఇది కొత్త దారం, ఉక్కుకు ఎన్నో రెట్లు బలం."

"ఎంత పొడుగు చేశారు?"

"ఇప్పటికి జానెడు. కావాల్సింది లక్ష కిలోమీటర్లు."

మెకానిక్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. జేబులోని చిరుగుల గుడ్డ తీసి కంచం పక్కన విసిరికొట్టాడు.

"అంత తాడు తుడిచేదెవడ్రా? పొద్దున మీ ఆఫీసు లిఫ్టు తాడుకే ఇది ఏడుచోట్ల చిక్కుకుంది! మార్చమని మూడుసార్లు రాశాను. ఇంకో ఏడాది మన్నుతుందిలే అని సంతకం పెట్టింది నువ్వు కాదూ?"

మర్నాడు బావమరిది ఆఫీసుకు పన్నెండంతస్తులూ మెట్లెక్కి వెళ్లాడు. తాడు మాత్రం మార్పించలేదు.