చింతపండుతో కడిగిన డాలరు: విశ్వనాథం మాస్టారి స్మృతి

తెనాలిలో విశ్వనాథం మాస్టారు పరమపదించారన్న వార్త గత నెల ఒక ఉదయం ఫోనులో విని దిగ్భ్రాంతుడినయ్యాను. దుఃఖం మాత్రం కలగలేదు. ఈ మాట రాయడానికి నాకు సంకోచమూ లేదు. పదకొండు సంవత్సరాలు ఆయనకు శిష్యుణ్ణి. అమెరికా డాలరు నాణేల గురించి నాకు తెలిసినదంతా ఆయన పెట్టిన విద్యే. ఆ విద్యను ఆయన చేతికి ఇచ్చేవారు కాదు, ముఖాన విసిరేవారు.

ఆయన డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యారు. ఆదివారాల్లో స్టేషను దగ్గరి అద్దె ఇంటి వరండాలో భూతద్దం పట్టుకుని కూర్చునేవారు. ఇంట్లో పాత డాలరు దొరికిన ప్రతివాడూ దాని విలువ తెలుసుకోవడానికి అక్కడికే వచ్చేవాడు. నేను రేపల్లె నుంచి ప్యాసింజరు రైల్లో వెళ్లేవాణ్ణి. ఆ వరండాలో పాండిత్యం అపారంగా ఉండేది, దయ మచ్చుకైనా ఉండేది కాదు. ఇతరుల నాణేలను పరీక్షించేవారే గాని, తన సొంత నాణేల పెట్టెను ఏనాడూ మాకు తెరిచి చూపలేదు. అడిగితే, "మీ కళ్ళు ఇంకా దానికి తయారవలేదు" అనేవారు.

చెరుకుపల్లి రైసుమిల్లు యజమాని ఒకాయన పచ్చగా మెరిసే డాలర్లను పట్టుసంచిలో తెచ్చి, "బంగారమేనాండి?" అని వినయంగా అడిగాడు. మాస్టారు ఒకటి తీసి బల్లమీద మోగించారు. "ఇత్తడి కలిపిన లోహం. కోట్లకొద్దీ పోశారు. అమెరికాలో ఇది ఇస్తే కాఫీ కూడా పొయ్యరు. ఈ పట్టుసంచి మాత్రం బాగుందయ్యా, దాచుకో" అన్నారు. వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

బాపట్ల నుంచి వచ్చిన ఒక వృద్ధ లెక్చరరు గారికి అంతకంటే ఘోరమైన సన్మానం జరిగింది. ఆయన వెండి డాలరు వెనకవైపు, అది ఏ టంకశాలలో పోసినదో చెప్పే చిన్న అక్షరం ఉంది. తక్కువ నాణేలు పోసిన టంకశాల అక్షరమైతే అదే సంవత్సరపు డాలరుకు ఎన్నో రెట్ల విలువ వస్తుంది. మాస్టారు భూతద్దంలో చూసి, ఆ అక్షరం ఎవడో తర్వాత అతికించినదని వెంట వచ్చిన లెక్చరరు గారి అల్లుడి ఎదుటే చెప్పారు. "డిగ్రీలున్నాయి గాని కళ్ళు లేవు" అని కూడా అన్నారు. ఆయన చెప్పింది నిజమే. మాస్టారు ఎప్పుడూ నిజమే చెప్పేవారు, ఆయనతో వచ్చిన చిక్కే అది.

ఇక మా అమ్మ సంగతి. మా తాత ఓడపనికి వెళ్లి సంపాదించుకు వచ్చిన వెండి డాలరు మా ఇంట్లో ఉండేది. ప్రతి శ్రావణ శుక్రవారం అమ్మ దాన్ని చింతపండుతో రుద్ది, విభూతితో మెరుగుపెట్టి, పసుపు కుంకుమలు అద్ది అమ్మవారి ముందు పెట్టేది. ముప్పై ఏళ్లకు పైగా చేసింది. ఆ డాలరు విలువ తెలుసుకుందామని నేనే అమ్మను వెంటబెట్టుకుని తెనాలి వెళ్లాను.

మాస్టారు చాలాసేపు చూశారు. "సంవత్సరం మంచిది. టంకశాల అక్షరం ఇంకా మంచిది. ఎవరు తోమారు దీన్ని?" అన్నారు.

"నేనేనండి, పూజకి" అంది అమ్మ, మెచ్చుకుంటారనుకుని.

"డాలరుకు ప్రాణం దాని సహజమైన పైపొరమ్మా. నల్లబడినా అలాగే ఉంచాలి. నువ్వు చేతులారా చంపేశావు. వెండి తూకానికి అమ్ముకోండి."

రైల్లో సగం దూరం వచ్చాక అమ్మ, "మావయ్యగారి సొత్తు పాడుచేశానురా" అంది. ఆనాటి నుంచి పూజలో వెండి ముట్టలేదు. కుందులు తోమడం కూడా నా భార్యకు అప్పగించింది. నేను మాత్రం ఆదివారాలు మానలేదు. విద్య కోసమని అందరూ అనుకున్నారు గాని, ఏనాటికైనా ఆయన తప్పు పట్టుకోవాలని వెళ్లాను.

దినకర్మలు ముగిశాక ఆయన భార్య కబురు చేసి ఆ పెట్టె నా ముందు పెట్టింది. అన్నీ వెండి డాలర్లే, సంవత్సరాలూ అక్షరాలూ అపురూపమైనవే. భూతద్దం పెట్టి చూద్దును కదా, ప్రతిదాని మీదా తోమితే పడే సన్నని గీతలు. మా ఇంటి డాలరు మీద ఉన్నవే.

"ఇవి ఎవరు తోమారండి?" అన్నాను.

"మీ మాస్టారే బాబూ. పెళ్లయిన మొదటి దీపావళికి, లక్ష్మీపూజలో పెడదామని ఆయనే కూర్చుని చింతపండుతో తోమారు. కొందామని మద్రాసు నుంచి వచ్చినాయన చూసి నవ్వి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఈ పెట్టె ఎవరికీ చూపించలేదు."

ఇన్నేళ్లూ వెతికిన తప్పు దొరికింది. సంతోషించవలసిన నాకు ఒళ్లు మండిపోయింది. "నేనూ ఇదే చేశానమ్మా" అన్న ఒక్క మాట ఆనాడు మా అమ్మకు చెప్పి ఉంటే ఆయన కిరీటం ఏం పడిపోయేది? ఆయన మరణం నాణేల విద్యకు తీరని లోటని సంతాపసభలో వక్తలు అన్నారు. ఆ విద్య నాలాంటివాడు మరొకడు చెబుతాడు. చెప్పకుండా పట్టుకుపోయిన ఆ ఒక్క మాటను ఎవరు తెచ్చి ఇస్తారు? నాకు తెలిసిన తీరని లోటు అదే.

ఆ సాయంత్రమే రేపల్లె చేరి, బియ్యం ఏరుకుంటున్న అమ్మకు అంతా చెప్పాను. పగ తీర్చుకున్నట్టే చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"ఎన్నేళ్లు దాచుకున్నాడ్రా?"

"నలభై ఏళ్ల పైనేనమ్మా."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నాకు చెప్పొచ్చు గదరా. ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్లం."

విశ్వనాథం మాస్టారికి మా ఇంటి నుంచి అందిన నివాళి అదొక్కటే. నా దగ్గర ఇంకా కోపమే ఉంది.