నా చేపల ఐసులో కొత్త బీరు

హనుమాన్ జంక్షన్‌లో వైన్ షాపు పక్కనే నాది చేపల కొట్టు. మొన్న వేసవిలో ఒక ఆదివారం ఆ షాపు ముందు బోర్డు పెట్టారు. మన దగ్గరే తయారైన కొత్త బీరట, రెండు కొంటే ఒకటి ఫ్రీ. జనం విరగబడ్డారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"అక్కా, కూలింగ్ లేదంటే నన్ను చంపేస్తారు. కాసేపు నీ ఐసు పెట్టెలో పెట్టుకోనీ" అని షాపు నడిపే శ్రీను బతిమాలాడు. సరేనని చేపల్ని పక్కకు జరిపి సీసాలు పెట్టించాను.

మొదటి సీసా నోట పెట్టుకున్నవాడే ఉమ్మేశాడు. "చేపల కంపురా! మమ్మల్ని తాగమనేది ఇదా?" అంటూ సీసాను గోడకేసి కొట్టి, పగిలిన ముక్కతో శ్రీను మీదికి దూకాడు. శ్రీను చెవి తెగి చొక్కా ఎర్రబడింది. వాడు మళ్లీ చెయ్యెత్తేసరికి నాకు ఒళ్లు మండింది. చేపలు కోసే కత్తి తీసి అడ్డం నిలబడ్డాను.

"ఐసు నాదిరా! రా, ముందు నన్ను పొడుద్దువుగాని రా! నీ చెయ్యి ఇక్కడే తెగిపడుద్ది!"

వాడు ఆగిపోయాడు. చేతిలోంచి గాజుముక్క జారింది. వాడి అరచెయ్యి కూడా చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఇద్దరికీ గుడ్డలో ఐసు చుట్టి ఇచ్చాను. వాడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"అక్కా, ఇది వేరే ఐసేనా?"

"వేరేదే" అని అబద్ధమాడాను. మనిషిని పొడవడానికి వెనకాడనివాడు చేపల వాసనకి వెనకాడటం తలచుకుంటే, ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.