కరెంటు పోయి వచ్చేలోపు

సిరిసిల్ల గ్రంథాలయంలో పుస్తకాలు చదివి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. మా మరమగ్గాల షెడ్డులోని కంప్యూటరునే సర్వర్‌గా పెట్టి, క్రిప్టో కాయిన్లు జమయ్యే డిజిటల్ పర్సు, అంటే వ్యాలెట్, కోసం రెడీమేడ్ కోడ్ కలిపి, చీరలమ్మే వెబ్‌సైటు తయారుచేశాను. దుబాయిలోని బావ మొదటి చీరకు కాయిన్లు పంపిన మధ్యాహ్నమే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగితే వీధంతా నీళ్ళ అడుగున ఉన్నట్టనిపించింది.

కరెంటు రాగానే మగ్గాలు ఆగిన పోగు దగ్గరే మొదలయ్యాయి. వ్యాలెట్ కూడా అంతేననుకున్నాను. కానీ దాన్ని తెరిచే రహస్య తాళంచెవిని కరెంటు పోయినా ఉండేలా దాచమని నేను ప్రోగ్రాములో రాయలేదు. ప్రోగ్రాము మళ్ళీ మొదలై మరో కొత్త వ్యాలెట్‌ను పుట్టించింది. పాత తాళంచెవి శాశ్వతంగా పోయింది. బావ పంపిన కాయిన్లు మాత్రం పాత వ్యాలెట్ చిరునామాలో ఇంటర్నెట్‌లో కనిపిస్తూనే ఉన్నాయి.

"పైసలు కండ్ల ముంగట్నే ఉన్నయంటవ్, తియ్యరాదంటవ్. గిదేం చదువు బిడ్డా?" అని నవ్వాడు బాపు. "చీరైతే పంపు. బావ పైసలిచ్చిండు గద."

ఇప్పటికీ ఆ పాత వ్యాలెట్ చిరునామా తెరిచి చూస్తుంటాను. నా మొదటి సంపాదన అక్కడే, కదలకుండా, ఎవరికీ చెందకుండా ఉంది.