నాన్నతో తొండాట

ఈ సాయంత్రం కారంపూడి బస్టాండులో ఒకడి చెయ్యి రక్తం వచ్చేలా కొరికాను.

కొన్నాళ్లుగా నేను కాలేజీ బస్సు దిగగానే వెంటపడుతున్నవాడే. ఇవాళ నా మణికట్టు పట్టుకుని బైకు వైపు లాగాడు.

చిన్నప్పుడు క్వారీ పని నుంచి రాగానే నాన్న ఇలాగే చెయ్యి పట్టుకుని "విడిపించుకో చూద్దాం" అనేవాడు. ఆయన బొటనవేలి వైపు మెలితిప్పి లాగితే నా చెయ్యి వచ్చేసేది. ఆయన "చంపేసిందిరో!" అని అరుస్తూ నేల మీద దొర్లేవాడు. కొరికితే మాత్రం తొండి. ఆట ఆపేసేవాడు.

ఇవాళా అలాగే మెలితిప్పాను. రాలేదు. నాన్న ప్రతిసారీ పట్టు వదిలేసేవాడని అప్పుడు తెలిసింది. అందుకే కొరికాను. వాడు కేకేసి వదిలాడు. అరటిపళ్ల బండి పిన్ని "ఆడపిల్ల మీద చెయ్యేస్తావురా!" అంటూ కర్రతో వాడి వీపు వాయించింది. జనం పోలీసులకు అప్పగించారు.

మా ఇంట్లో చదువుకుంటున్న మొదటిదాన్ని నేను. ఈ గొడవతో చదువు మాన్పిస్తారేమోనని భయపడుతూనే ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను. నాన్న నా మణికట్టు మీది వేళ్ల గుర్తులు చూస్తూ కూర్చున్నాడు.

"తొండాడాను నాన్నా," అన్నాను.

"నాతో అయితేనే అది తొండి. అట్టాంటోడితో కాదు," అన్నాడు. తర్వాత నా రెండో చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారి వదలను. రేపు కాలేజీకి పోయేలోపు నిజంగా నేర్చుకోవాల."

ఎంత లాగినా రాలేదు. మీ చిన్నప్పుడు మీ నాన్నలూ కావాలనే ఓడిపోయేవాళ్లా?