పెళ్లికి వెళ్లిన రోకలి

మా ఊరి చిన్న మ్యూజియం చూసుకునేది నేనే. ఖరగ్‌పూర్ వెళ్లినప్పుడు, పాత రైల్వే క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగువాళ్లు ఒక ఇంటి ముందుగదిలో తాతలనాటి సామాన్లు దాచారని విన్నాను. ఏదో ఒక లోపం దొరక్కపోతుందా అనుకుంటూనే లోపలికి అడుగుపెట్టాను.

దొరికింది. శ్రీకాకుళం నుంచి రైలెక్కి వచ్చిన తిరగళ్లు, ఇత్తడి బిందెలు వరసగా ఉన్నాయి. "రోలు, రోకలి" అని రాసిన అట్టముక్క దగ్గర మాత్రం రోలొక్కటే ఉంది.

"రోకలి పోయిందా అమ్మా?" అన్నాను, కాస్త సంతోషంగానే.

ఆ గదిని కనిపెట్టుకుని ఉండే అప్పలనరసమ్మగారు నవ్వారు. "పోనేదు బాబూ, పెళ్లికెల్లింది. మా లైన్లో ఏ ఇంట పెళ్లైనా పసుపు దాంతోనే దంచాల. ఇప్పుడు పక్కింటి బెంగాలీ దీదీ పట్టుకెల్లినాది, కూతురి పెళ్లికని."

"పాత వస్తువు కదా, అలా ఇచ్చేస్తే అరిగిపోదూ?"

"కొసనున్న ఇనప పొన్ను అరిగిపోనాది. మా ఆయన ఫిట్టరు పని చేసినోరు కదా, కొత్తది ఏసినారు. మీ కాడ నేదేటి రోకలి?"

"ఉంది. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను."

ఆమె నా వంక జాలిగా చూశారు. "మరి మీ ఊరి పెళ్లిళ్లకి పసుపు ఏటితో దంచుతారు బాబూ?"

మా ఊళ్లో పసుపు ప్యాకెట్లు కొంటారు. ఇన్నేళ్లలో ఒక్క వస్తువునూ గడప దాటనివ్వలేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి, రోకలి లేని ఆ ఖాళీని చూసి కుళ్లుకుంటూ నిలబడిపోయాను.